మాట మనది... ముద్ర వాళ్ళది!

ఈ వారం ముందుగా మీకో చిన్న పరీక్ష. భయపడకండి, మార్కులు లేవు!

హాల్లో కూర్చున్నారనుకోండి. తెర మీద ఇంకా బొమ్మ పడలేదు, మాట మాత్రం వినిపిస్తోంది. ఎవరో ఒక మగమనిషి రెండంటే రెండు ముక్కలు మాట్లాడాడు. మనిషి కనబడలేదు, వేషం తెలియదు. అయినా సరే, ఆ రెండు ముక్కలు విని అతను కథానాయకుడో, ప్రతినాయకుడో, వంటవాడో మీరు చెప్పగలరా?

చెప్పగలరు! పదేళ్ళ కిందటి దాకా అయితే తడుముకోకుండా చెప్పేసేవారు. 'వచ్చాను, వెళ్తున్నాను' అన్నాడా, హీరో. 'ఏంది బే, గట్ల జూస్తున్నవ్' అన్నాడా, రౌడీ. 'ఎల్లొత్తాను బావూ' అన్నాడా, ఆ ఇంట్లో పనివాడు. 'ఆయ్, చెప్పండి' అన్నాడా, హీరో పక్కన నవ్వించేవాడు. 'ఏమప్పా' అన్నాడా, ఇంకేముంది, కాసేపట్లో పది సుమోలు గాల్లోకి లేస్తాయి!

ఈ పాఠం మనకు ఎవరు చెప్పారు? బళ్ళో మాస్టారు చెప్పలేదు, ఇంట్లో అమ్మా నాన్నా చెప్పలేదు. టిక్కెట్టు కొనుక్కుని, ఇంటర్వెల్లో పాప్‌కార్న్ నములుతూ మనమే నేర్చుకున్నాం. నేర్చుకున్నామన్న సంగతి కూడా మనకి తెలియదు. నాకూ తెలియదు... ఒక ఆదివారం దాకా!

ఆయన ఎవర్ని చంపిండు?

2010వ సంవత్సరం. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. తెనాలిలో డిగ్రీ అయిందనిపించి, పత్రికల్లో రాసి పేరు తెచ్చేసుకుందామని హైదరాబాద్ వచ్చి విద్యానగర్‌లో ఒక గదిలో చేరాను. నలుగురం ఉండేవాళ్ళం. నాతో పాటు ఒకడు ఏలూరు వాడు, ఒకడు కడప వాడు, ఒకడు సిరిసిల్ల వాడు. వంట వంతులవారీగా. చారు ఎవరు పెట్టినా ఒకేలా అఘోరించేది గనక ప్రాంతీయ విభేదాలు లేవు!

బయట మాత్రం వాతావరణం వేడిగా ఉంది. 2009 డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించారు. రెండు వారాలు తిరక్కుండా, 23వ తేదీన, ఇంకా సంప్రదింపులు కావాలన్నారు. ఉస్మానియా పక్కనే ఉన్నాం కనుక ఊరేగింపులు, లాఠీలు, బాష్పవాయువు మాకు రోజువారీ వ్యవహారం. గదిలో రాజకీయం మాట్లాడకూడదని నలుగురం ఒట్టు పెట్టుకున్నాం. ఆ ఒట్టు బాగానే నిలిచింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో పాత సినిమా వస్తోంది. పేరెందుకు లెండి, అలాంటివి వంద ఉన్నాయి. విలన్ తెలంగాణ మాటలో బెదిరించి ఎవణ్ణో నరికేశాడు. వాడి పక్కనున్న కమెడియన్ కూడా అదే మాటలో ఏదో అన్నాడు. మేం పొట్ట పట్టుకుని నవ్వాం. గదిలో మిమిక్రీ కళాకారుణ్ణి నేనే కనుక లేచి నిలబడి ఆ విలన్ డైలాగు అప్పజెప్పాను. మరింత నవ్వు.

సిరిసిల్ల వాడు నవ్వలేదు. కోప్పడనూ లేదు. తువ్వాలు భుజాన వేసుకుంటూ నెమ్మదిగా అన్నాడు: "మా బాపు గిట్లనే మాట్లాడ్తడు. ఆయన ఎవర్ని చంపిండు రా?"

అని, బట్టలుతుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

పాఠకులారా, అసలు సంగతి ఇది కాదు. నెల తిరిగాక వాళ్ళ నాన్న గారు వచ్చారు. మరమగ్గం మీద పనిచేసే మనిషి. సన్నగా, పొట్టిగా, చేతిలో సకినాల డబ్బాతో గుమ్మంలో నిలబడి, "ఏం బిడ్డా, మంచిగున్నవా?" అన్నారు. ఆ మాట వినగానే నా ఒళ్ళు ఒక్క క్షణం బిగుసుకుంది. నిజం చెబుతున్నాను, కత్తి ఎక్కడుందా అన్నట్టు నా చెవి ఎదురుచూసింది! డబ్బాలో సకినాలు తప్ప ఏమీ లేవు. అంత ప్రేమగా పలకరించిన మనిషిని చూసి నాలో ఉలికిపాటు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆయన నాకేం చేశారు? ఏమీ చెయ్యలేదు. ఆ పని చేసినవి నేను చూసిన మూడు నాలుగు వందల సినిమాలు.

ఇప్పుడు సమజైందా?

దేవుడు న్యాయమూర్తి అంటారు. నా కేసులో తీర్పు మూడేళ్ళకే వచ్చింది.

2013లో కొన్నాళ్ళు పనిమీద ఢిల్లీలో ఉండాల్సి వచ్చింది. గది వెతుక్కుంటూ ఒకావిడ ఇంటికి వెళ్ళాను. నా హిందీ రెండు వాక్యాలు వినగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఓ, మద్రాసీ!" అంది. కాదమ్మా, నాది ఆంధ్రప్రదేశ్, మా భాష తెలుగు, మద్రాసు వేరే రాష్ట్రంలో ఉంది అని పది నిమిషాలు భూగోళ పాఠం చెప్పాను. ఆవిడ ఎంతో శ్రద్ధగా విని, "అచ్ఛా... మరి మీ మద్రాసీ వాళ్ళు అన్నంలోకి పెరుగు చేత్తోనే కలుపుకుంటారట కదా!" అంది. పైగా వాళ్ళబ్బాయిని పిలిచి నా ముందు నిలబెట్టి, "ఒకసారి అయ్యయ్యో అనండి, వీడికి వినాలని ఉంది" అంది!

ఆ అబ్బాయి తప్పేముంది? 1968లో వచ్చిన 'పడోసన్'లో మెహమూద్ వేసిన సంగీతం మాస్టారి వేషం మీరు చూసే ఉంటారు. పిలక, నామాలు, లుంగీ, ఆ హిందీ పలికే తీరు! నటుడిగా మెహమూద్ గొప్పవాడే, ఆ పాటలు ఇప్పటికీ హాయిగానే ఉంటాయి. కానీ వింధ్యకు ఇవతల ఉన్న మనుషులంతా ఆ ఒక్క పిలకలో ఇమిడిపోయారు.

మద్రాసీ అన్న మాట కూడా ఊరికే పుట్టలేదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ అంటే తమిళులు, తెలుగువాళ్ళు, కన్నడిగులు, మలయాళీలు అందరూ ఉన్న పెద్ద ముద్ద. కోస్తా జిల్లాలు, రాయలసీమ 1953 దాకా అందులోనే ఉన్నాయి. ఆ మాటకొస్తే మా సిరిసిల్ల వాడి ఊరు ఎన్నడూ మద్రాసు ప్రెసిడెన్సీలో లేదు, అది నిజాం రాజ్యం. అయినా ఉత్తరాదిలో వాడూ మద్రాసీయే!

ఆ రాత్రి ఉక్రోషం ఆపుకోలేక వాడికే ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. ఎంత అవమానమో, వాళ్ళకి ఎంత అజ్ఞానమో వర్ణించాను. అటునుంచి చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత నవ్వు. "ఇప్పుడు సమజైందా?" అన్నాడు.

సమజైంది!

యాస ఎవరికుంటుంది?

'యాస' అన్న మాటని గమనించారా? ఎవరూ 'నాకు యాస ఉంది' అని చెప్పుకోరు. యాస ఎప్పుడూ ఎదుటివాడికే ఉంటుంది. మనది మామూలు భాష, వాళ్ళది యాస!

ఇది ఎలా జరిగిందో చూస్తే తమాషాగా ఉంటుంది. వంద సంవత్సరాల కిందట గిడుగు రామమూర్తి పంతులు గారు గ్రాంథికం వాళ్ళతో పెద్ద యుద్ధం చేశారు. జనం మాట్లాడే భాషలోనే పుస్తకాలు రాయాలన్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ యుద్ధం గెలిచింది. కానీ 'జనం మాట్లాడే భాష' అన్నప్పుడు ఏ జనం? పత్రికలు, పుస్తకాలు, రేడియో మీదుగా నిలదొక్కుకున్నది ప్రధానంగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ళ వాడుక. తమాషా ఏమంటే పంతులు గారిది శ్రీకాకుళం ప్రాంతం. ఆ శ్రీకాకుళం మాటే తెర మీద పనివాళ్ళ భాష అయి కూర్చుంది!

సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలుగు చిత్రసీమ మద్రాసులో పెరిగింది. నాటక సమాజాల నుంచి వచ్చిన నటులు, రచయితలు, పెట్టుబడి పెట్టినవాళ్ళు ఎక్కువగా కోస్తా వాళ్ళు. వాళ్ళ ఇంటి మాట హీరో మాట అయింది. నిజాం రాజ్యంలో పాలనా భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా చదువు ఉర్దూలోనే. అక్కడి తెలుగులో ఉర్దూ మాటలు కలిసిపోయాయి, పాత తెలుగు మాటలు ఎన్నో చెక్కుచెదరకుండా నిలిచాయి కూడా. కోస్తా చెవికి అది కొత్తగా వినబడింది. కొత్తగా వినబడింది గనక నవ్వొచ్చింది. నవ్వొచ్చింది గనక కమెడియన్‌కి ఇచ్చారు. భయం కూడా పుట్టించవచ్చని తెలిశాక విలన్‌కి ఇచ్చారు.

1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు గారు కాశయ్య వేషంలో ఆ భాష పలికితే హాలు వణికింది. కోట గారిది కృష్ణా జిల్లా కంకిపాడు. మరో ప్రాంతపు పలుకుని అంత ఒడుపుగా పట్టుకోవడం సామాన్యమైన ప్రతిభ కాదు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఒక్క సినిమాలో ఒక్క విలన్ ఆ భాష మాట్లాడితే అది నటన. ఇరవై ఏళ్ళపాటు విలన్లే ఆ భాష మాట్లాడితే అది ముద్ర! ఇంకో విచిత్రం చూడండి. మనం 'తెలంగాణ శకుంతల' అని పిలుచుకున్న నటీమణి పుట్టింది మహారాష్ట్రలో. వేసిన వేషం ఆమెకి ఇంటిపేరైంది.

ఇందుకు ఎదురీదినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి', 1988లో బి. నర్సింగరావు గారి 'దాసి', 1997లో దాసరి గారి 'ఒసేయ్ రాములమ్మ' ఆ నేలని, ఆ మాటని గౌరవంగానే చూపించాయి. కాకపోతే అవి వేళ్ళమీద లెక్క. విలన్ డైలాగులు లెక్కకు మించి.

నవ్విన చోటే సంఘం పుట్టింది

'సినిమాలో నవ్వుకుంటే రాజకీయం ఎక్కడిదయ్యా? నువ్వు మరీ పెద్దది చేస్తున్నావు' అంటారేమో. చరిత్రలో రెండు ముక్కలు చెప్పనివ్వండి.

1921 నవంబరులో హైదరాబాద్‌లో ఒక సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఇతర భాషల్లో ఉపన్యాసాలు సాగాయి, అందరూ విన్నారు. అప్పుడు ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మొదలుపెట్టారు. సభలో ఈలలు, గోల! ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం పడ్డ తెలుగువాళ్ళు కొందరు ఆ రాత్రే కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు గారి వంటి పెద్దలు దాన్ని పెంచారు. అదే క్రమంగా ఆంధ్ర మహాసభ అయింది, తెలంగాణ రాజకీయ చైతన్యానికి పునాది అయింది. చూశారా, అంతా ఒక ఈలతో మొదలు!

ఇంకోటి. తెలంగాణలో కవులు లేరని ఎవరో రాశారు. సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, పద్యాలు తెప్పించి, 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. అందులో 354 మంది కవులు! ఇంతకంటే మంచి జవాబు నేను వినలేదు.

రాయలసీమ కథ కూడా అంతే. 1800లో నిజాం ఆ జిల్లాలని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించాడు గనక వాటికి దత్తమండలాలని పేరు పడింది. ఇచ్చినవాడు ఒకడు, పుచ్చుకున్నవాడు ఒకడు, పేరేమో అక్కడి జనానికి! 1928లో నంద్యాల సభలో ఆ పేరు తీసేసి రాయలసీమ అని పెట్టుకున్నారు. పరువుగా పెట్టుకున్న ఆ పేరుకి ఆ తర్వాత మన ఫ్యాక్షన్ సినిమాలు ఏ అర్థం తగిలించాయో మా కడప మిత్రుణ్ణి అడగండి. ఉద్యోగం ఇంటర్వ్యూలో "మీ ఇంట్లో బాంబులున్నాయా?" అని నవ్వుతూ అడిగారట. వాళ్ళ నాన్న గారు లెక్కల మాస్టారు!

ఆత్మగౌరవం... రెండుసార్లు

మన సినిమావాళ్ళకి బాగా తెలిసిన కథ 1982 నాటిది. ఆ ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్య గారిని రాజీవ్ గాంధీ అందరిముందూ మందలించారన్న వార్త రాష్ట్రమంతా పాకింది. అంజయ్య గారు హైదరాబాద్ కార్మిక నాయకుడు. ఆయనకి జరిగిన అవమానం శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా అందరికీ తగిలింది. ఆ మార్చి 29న ఎన్.టి.రామారావు గారు తెలుగుదేశం పెట్టి, తెలుగువారి ఆత్మగౌరవం అన్నారు. చైతన్యరథం ఎక్కి ఊరూరా తిరిగారు. తొమ్మిది నెలల్లో, 1983 జనవరిలో, ముఖ్యమంత్రి అయ్యారు. ఢిల్లీవాళ్ళు మనల్ని చిన్నచూపు చూస్తున్నారన్న ఒక్క మాటతో అంతమంది ఒక్కటయ్యారు.

ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అదే 'ఆత్మగౌరవం' తెలంగాణ ఉద్యమం నోట వినిపించింది. ఈసారి వేలు చూపించింది ఢిల్లీవైపు మాత్రమే కాదు, మనవైపు కూడా! నీళ్ళు, నిధులు, నియామకాలు అన్న మూడు కోరికలూ అసలైనవే. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం అమలు కాలేదన్న బాధ, 1969 ఉద్యమం వెనక వాటికి పెద్ద చరిత్రే ఉంది. సినిమావల్ల రాష్ట్రం విడిపోయిందని నేను అనడం లేదు. అలా అంటే పిచ్చిమాట. కానీ నీళ్ళ లెక్కలు టీఎంసీల్లో చెబితే వినేవాళ్ళు కొందరే. 'మన మాట వింటే వాళ్ళు నవ్వుతరు' అంటే ప్రతి ఇంట్లో ప్రతివాడికీ అర్థమైంది. ఎందుకంటే ప్రతివాడూ ఒకసారైనా ఆ నవ్వు విన్నవాడే. కాళోజీ నారాయణరావు గారు జీవితమంతా వాదించింది ఇందుకే కదా, తను మాట్లాడే మాటలోనే తను రాస్తానని! ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9 ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం.

ఒకే భాష, రెండు భాషా దినోత్సవాలు. రెండింటికీ మధ్య పదకొండు రోజుల ఎడం!

మాటల యుద్ధం అక్కడితో ఆగలేదు. ఇటువైపు వాళ్ళు 'వేర్పాటువాదం' అన్నదాన్ని అటువైపు 'స్వరాష్ట్ర ఉద్యమం' అన్నారు. 2014 జూన్ 2ని ఒకరు 'విభజన' అంటే ఇంకొకరు 'ఆవిర్భావం' అన్నారు. పార్లమెంటు చేసిన చట్టం పేరేమో 'పునర్వ్యవస్థీకరణ'. ఒకే రోజుకి మూడు పేర్లు! ఏ పేరు వాడారన్నదాన్ని బట్టి మనిషిది ఏ పక్షమో తేలిపోయేది. ఇక అవతలిమాట వినాల్సిన పనే ఉండేది కాదు. 2012లో 'కెమెరామెన్ గంగతో రాంబాబు' వచ్చినప్పుడు తెలంగాణలో గొడవలై కొన్ని సన్నివేశాలు తీసేయాల్సి వచ్చింది. అప్పటికి తెర మీద ప్రతి మాటా అర్జీ అయిపోయింది, ప్రతి నవ్వూ నేరమైపోయింది.

దెబ్బ ఒక్కవైపే తగల్లేదండోయ్! మా బాబాయి కుటుంబం కూకట్‌పల్లిలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటోంది. ఆ రోజుల్లో వాళ్ళకి 'సెటిలర్లు' అని పేరొచ్చింది. మా బాబాయి కూతురు అక్కడే పుట్టింది, అక్కడే చదివింది, మాట్లాడితే సగం హైదరాబాదీ. "నాన్నా, నేనెప్పుడు వచ్చి సెటిలయ్యాను?" అని అడిగింది. బాబాయి దగ్గర జవాబు లేదు. ముద్ర వేసేవాడి చెయ్యి మారిందంతే, వేడి ఒక్కటే.

2023 మార్చి

ఇక మళ్ళీ హాల్లోకి వద్దాం. నా ఉద్దేశంలో మనవాళ్ళ కథ మొత్తం ఒక్క నెలలో కనబడింది. అది 2023 మార్చి.

ఆ నెల 'ఆర్.ఆర్.ఆర్.'లో 'నాటు నాటు' పాటకి ఆస్కార్ వచ్చింది. బాణీ కట్టిన కీరవాణి గారు గోదావరి ఒడ్డు కొవ్వూరు వారు. రాసిన చంద్రబోస్ గారు వరంగల్ ప్రాంతం వారు. తెర మీద ఆడిన పాత్రల్లో ఒకరు అల్లూరి, ఒకరు కొమురం భీమ్. ఇంతకంటే కలిసిన తెలుగు ఇంకేముంది? అమెరికావాళ్ళు మాత్రం ఆ సభలోనే దాన్ని 'బాలీవుడ్' సినిమా అనేశారు! మనకెంత మండింది! సిరిసిల్ల, తెనాలి, కడప, ఏలూరు అన్న తేడా లేకుండా "కాదు, ఇది తెలుగు సినిమా" అని అరిచాం. మా పాత గది మిత్రులం నలుగురం ఆ రోజు ఫోన్లో ఒక్కగొంతుతో తిట్టుకున్నాం.

అంటే ఏమన్నమాట? బయటివాడు తప్పు పేరు పెడితే మనం ఒక్కటవుతాం. లోపలివాడు నవ్వితే విడిపోతాం. బయటివాడికి తెలియక అన్నాడని సర్దుకోవచ్చు, మనవాడు తెలిసి నవ్వాడే అన్నది మాత్రం మనసులోంచి పోదు.

అదే నెల 3వ తేదీన 'బలగం' వచ్చింది. తీసిన వేణు యెల్దండిది సిరిసిల్ల. అన్నేళ్ళూ మనల్ని నవ్వించిన హాస్యనటుడు! ఒక ఇంట్లో చావు, పదకొండు రోజులు, పిండం ముట్టని కాకి. అంతే కథ. విలన్ లేడు, కత్తి లేదు. అందరూ ఆ మాటే మాట్లాడతారు. మంచివాడూ, మొండివాడూ, ఏడ్చేవాడూ, తాగేవాడూ. అందుకే అది యాస కాలేదు, భాష అయింది. 30వ తేదీన 'దసరా'లో నాని అంతటి హీరో అదే పలుకుతో వచ్చాడు. దీనికి దారి 2017లోనే పడింది. 'ఫిదా'లో బాన్సువాడ పిల్ల భానుమతిగా సాయిపల్లవి తన గొంతుతోనే మాట్లాడి రెండు రాష్ట్రాలనీ గెలుచుకుంది. 2021లో 'పుష్ప' చిత్తూరు మాటని హీరో నోట పెట్టాడు, ఆ వేషానికే అల్లు అర్జున్‌కి జాతీయ ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది.

ఊళ్ళల్లో 'బలగం'ని బయట తెర కట్టి వేశారు. మా మిత్రుడి ఊళ్ళోనూ వేశారట. వాళ్ళ బాపు చివరిదాకా కదలకుండా చూశారట. అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన మాత్రం కొడుకు వైపు తిరిగి, "ఇండ్ల సిన్మా ఏమున్నది రా? మనింట్ల ముచ్చటే గద!" అన్నారట.

నాకు ఈ సంగతి చెబుతూ మా వాడి గొంతు బొంగురుపోయింది. ఆయన డెబ్భై ఏళ్ళ జీవితంలో ఎన్నో సినిమాలు చూశారు. తన ముచ్చట తెర మీద కనబడటం మాత్రం ఇదే మొదలు!

ఒక్క హెచ్చరిక

అయిపోయిందా కథ? అయిపోలేదు. ఇప్పుడు కొత్త అచ్చు తయారవుతోంది. తెలంగాణ అనగానే దావత్, కల్లు, మటన్, డప్పు. ఇవి లేకపోతే అది తెలంగాణ సినిమాయే కాదన్నట్టు! ప్రేమతో వేసినా అచ్చు అచ్చే. నిన్న రౌడీ ముద్ర, ఇవ్వాళ తాగుబోతు మంచివాడి ముద్ర. సిరిసిల్లలోనూ డాక్టర్లుంటారు, అల్లరి చెయ్యని కుర్రాళ్ళుంటారు, దావత్ అంటే విసుక్కునే ముసలాళ్ళుంటారు. వాళ్ళ వంతు ఎప్పుడు? 'ఆయ్' అనే గోదావరి మనిషి హీరో వేషంలో సీరియస్‌గా ఏడవడం ఎప్పుడు చూస్తాం? అదీ రావాలి.

ఈసారి సినిమాకి వెళ్ళినప్పుడు ఒక్క పని చేయండి. తెర మీద ఎవరి మాటకైనా హాలంతా నవ్వినప్పుడు, మీరూ హాయిగా నవ్వండి, నవ్వొద్దనడం లేదు! నవ్వు పూర్తయ్యాక ఒక్కసారి పక్క సీటు చూడండి. అక్కడెవరైనా నవ్వకుండా కూర్చున్నారేమో గమనించండి. ఉంటే, ఇంటర్వెల్లో ఓ టీ ఇప్పించి పలకరించండి.

మీ మాట విని మీకు ఎవరైనా, ఎక్కడైనా ఏదైనా ముద్ర వేశారా? ఆ ముచ్చట నాకు రాయండి. ఏ యాసలో రాసినా సరే... క్షమించండి, ఏ తెలుగులో రాసినా సరే!

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.